పడవెక్కిన ఇద్దరు విద్యార్థులు

మన సంఘం సమావేశాలలో చదువుల సంగతి వచ్చిందంటే మాటలు సాధారణంగా రెండు దారులు పడతాయి. మన పిల్లలు ఏ కాలేజీలో చేరతారన్నది ఒకటి. మనం ఎందుకు వచ్చాము, వచ్చినవాళ్ళం ఎందుకు తిరిగి వెళ్ళలేదు అన్నది రెండోది. మొదటిదానికి మా దగ్గర జవాబు లేదు. రెండోదాని గురించి భోజనాలయ్యాక అర్ధరాత్రి దాకా వాదించుకొనే ముందు, మనకంటే చాలాకాలం క్రితం ఇదే దారిన వెళ్ళినవారి కథలు కాస్త వివరంగా తెలుసుకొంటే బాగుంటుందని మాకు తోచింది. అందుకని ఈసారి ఇద్దరు విద్యార్థుల గురించి వ్రాస్తున్నాము. ఇద్దరి పేర్లూ మీకు తెలిసినవే. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ.

1894 ఆగస్టు 10న బరంపురంలో ఒకరు పుట్టారు. 1895 జనవరి 12న భీమవరంలో మరొకరు పుట్టారు. అయిదు నెలల తేడా. ఇద్దరూ పాత మద్రాసు రాజధాని బిడ్డలే, తెలుగు ఇళ్ళలో పెరిగినవారే. మొదటివారు వరాహగిరి వేంకటగిరిగారు. రెండోవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇద్దరూ ఒక చదువు కోసం ఓడ ఎక్కారు. అక్కడికి వెళ్ళాక ఇద్దరి జీవితాలూ వేరే దారి పట్టాయి. ఒకరు తిరిగి వచ్చారు, ఒకరు రాలేదు.

గిరిగారి తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు, కాంగ్రెసు మనిషి. అటువంటి ఇళ్ళలో కొడుకు సీమకు వెళ్ళి బారిస్టరై రావడం ఆ రోజుల్లో వింత కాదు. సీమ అంటే చాలామందికి లండను. గిరిగారు మాత్రం 1913లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోనూ, కింగ్స్ ఇన్స్‌లోనూ న్యాయశాస్త్రంలో చేరారు.

ఆయన వెళ్ళిన ఏడాదిని గమనించండి. 1913 ఆగస్టులో డబ్లిన్‌లో పెద్ద కార్మిక సంక్షోభం మొదలైంది. జిమ్ లార్కిన్ సంఘంలో ఉన్నవాళ్ళను పనిలోకి రానివ్వబోమని యజమానులు తలుపులు మూసేశారు. సుమారు 20 వేలమంది పనివాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడిన పెళ్ళాంబిడ్డలు, 1914 జనవరి దాకా కూలి లేకుండా ఆ చలికాలం గడిపారు. లిబర్టీ హాలులో వాళ్ళకు ఉచితంగా సూపు పోసేవారు. తెల్లవాళ్ళంటే అందరూ దొరలే అన్నట్టు కనిపించే దేశం నుంచి వెళ్ళిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి, గిన్నె పట్టుకొని వరసలో నిలబడ్డ తెల్లవాళ్ళను చూస్తే ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించవచ్చు. ఆ తెల్లవాళ్ళను ఏలేదీ లండనే, మనను ఏలేదీ లండనే.

ఆయన చదివే కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవారిలో థామస్ మెక్‌డొనా అనే కవి ఉండేవాడు. దక్షిణాఫ్రికాలో మనవాళ్ళకు జరుగుతున్న అన్యాయాలపై డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం వేశారు. అందులో గిరిగారికీ చేయి ఉంది. అది పోలీసుల చేతికి చిక్కడంతో ఆ కొద్దిమంది విద్యార్థుల మీద నిఘా ఎక్కువైంది. 1916 ఏప్రిల్ 24న ఈస్టర్ తిరుగుబాటు లేచింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో మెక్‌డొనా ఒకడు. మే 3న అతన్ని కాల్చి చంపారు. అదే ప్రకటన మీద సంతకం చేసిన కార్మిక నాయకుడు జేమ్స్ కోనలీ, గాయంతో నిలబడలేని స్థితిలో ఉంటే, మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. తిరుగుబాటువారితో సంబంధాలున్నాయన్న అనుమానం గిరిగారి మీదకూ వచ్చింది. ఆ ఏడాదే ఆయన ఐర్లండు విడిచి వెళ్ళవలసి వచ్చింది. బారిస్టరు పట్టా మాత్రం చేతికొచ్చింది.

పట్టాతో వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. అది ఎన్నాళ్ళో సాగలేదు. తర్వాత ఆయన జీవితమంతా రైలు కార్మికులతోనూ, సంఘాలతోనూ గడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం, 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షత, 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి కార్మిక ప్రతినిధిగా ప్రయాణం. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో కేంద్రంలోనూ అదే శాఖ. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని మంత్రి పదవి వదిలేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయనను తలచుకొన్నప్పుడు మనవాళ్ళు రాష్ట్రపతి పదవి సంగతే చెబుతారు కాని, మాకు ఆ రాజీనామా ఎక్కువ నచ్చుతుంది. యజమానులు తలుపులు మూస్తే ఏమవుతుందో ఇరవై ఏళ్ళు నిండకముందే చూసివచ్చిన మనిషి ఆయన.

గిరిగారిని ప్రభుత్వమే పంపించేసింది. ఉండాలా, వెళ్ళాలా అన్న ప్రశ్న ఆయన ముందుకు రానే లేదు. మన ఇళ్ళలో నలిగే ప్రశ్న అదే కనుక మిగతా కథ సుబ్బారావుగారి గురించి. మేము వైద్యులం కావడం వల్ల ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాము, పాఠకులు మన్నించాలి.

సుబ్బారావుగారు తెలివైన విద్యార్థి అన్న పేరుతో పెరగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కింది, అదీ రాజమండ్రి వదిలి మద్రాసు హిందూ హైస్కూలులో చేరాక. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసిద్దామనుకొన్నారు. తల్లి వెంకమ్మగారు ఒప్పుకోలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషను గదికి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది గిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. దానితో ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పుకొంటూ కాలం గడిపారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తంగారు, తమ్ముడు కృష్ణమూర్తిగారు కొద్దిరోజుల తేడాలో పోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, స్ప్రూ. మన పెద్దలు గ్రహణి అనేవారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం నీరైపోతుంది. దానికి మందు లేదు, కారణమూ ఎవరికీ తెలియదు. ఈ జబ్బులను చదవడానికి ఒక చోటు ఉందని, అది హార్వర్డులోని ఉష్ణమండల వైద్య విభాగమని విన్నప్పుడు ఆయన ఎందుకు పట్టుబట్టి బయలుదేరారో వేరే చెప్పనక్కరలేదు.

వెళ్ళడానికి డబ్బు కావాలి. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ కొంత ఆదుకొంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సర్దారు. అంటే అల్లుణ్ణి పంపడానికి ఇచ్చింది ఆడపిల్ల తండ్రి. మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరిగారితో చెప్పి బయలుదేరారని అంటారు. 1920ల తొలి యేళ్ళలో బోస్టను చేరారు.

ఇక్కడికి చేరిన తర్వాత మన డాక్టరు పట్టా ఎందుకు పనికివస్తుందో ఈ పత్రిక చదివేవారిలో సగంమందికి అనుభవమే. రెసిడెన్సీ దొరికేదాకా ఎవరి లాబులోనో సీసాలకు చీటీలు అంటించినవాళ్ళం మేమూ ఉన్నాము. సుబ్బారావుగారు పగలు చదువుకొని, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రోగుల మూత్రపాత్రలు కడిగే పని చేశారు. మనకు పరీక్షలు వ్రాస్తే తలుపు తెరుచుకొంటుందన్న నమ్మకం ఉంది. ఆయనకు అదీ లేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా వచ్చింది. అనుకొన్న ప్రకారం అయితే అక్కడితో పెట్టె సర్దుకోవాలి. ఆయన సర్దుకోలేదు. హార్వర్డులోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. జబ్బు ఏమిటో తెలుసుకోవాలంటే ముందు ఒంట్లో జరిగే రసాయన వ్యవహారం తెలియాలని ఆయనకు తట్టి ఉంటుంది. స్ప్రూకు మందు వెతకడానికి వచ్చినవాడు రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడంలో పడ్డాడు.

ఆ కొలత పద్ధతి 1925లో అచ్చయింది. చెప్పుకొంటే చాలా చిన్న సంగతి. శాంపిలులోని ఫాస్ఫేటుకు ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటు చేరుస్తారు. దానికి మరో మందు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఆయన తన పేరులోని రావును పాత మద్రాసు పద్ధతిలో వ్రాసేవారు కనుక ఇక్కడివాళ్ళ నోట అది సబ్బరో అవుతుంది. అది తెలుగు పేరని తెలియని తెలుగు విద్యార్థులను మేము చూశాము.

ఆ నీలిరంగే ఒక వింత చూపించింది. కండలో ఉన్న ఫాస్ఫేటును కొలుస్తుంటే రంగు ఒక్కసారిగా రావడం మాని, కొంచెం కొంచెంగా చిక్కబడేది. అంటే అక్కడ ఉన్నది విడి ఫాస్ఫేటు ఒక్కటే కాదు, ఏదో పదార్థంలో బిగిసి ఉండి మెల్లగా విడిపోతున్నది కూడా ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ కాలంలోనే అదే పదార్థాన్ని పట్టుకొన్నారు. కండ ముడుచుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టడం నుంచి వస్తుందని అప్పటిదాకా చెప్పుకొనేవారు. 1922 నోబెల్ బహుమతి ఆ రంగంలో పనిచేసిన హిల్‌కూ, మేయర్‌హాఫ్‌కూ వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. 1929లో కండలోనే ఏ.టి.పి. అనే పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావు వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా వేరుచేశాడు. ఇవాళ హైస్కూలు పిల్లవాడు కూడా ఆ మూడక్షరాలు వల్లిస్తాడు. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. మరో పదేళ్ళు అక్కడే చిన్న పదవులలో ఉండి 1940లో బయటికి వచ్చారు.

మరి ఇంటికి ఎందుకు వెళ్ళలేదు? వెళ్ళి భార్యను తీసుకురావచ్చు కదా అని మనం ఇవాళ తేలికగా అంటాము. ఆ రోజుల చట్టం చూడాలి. 1917 చట్టం ప్రకారం మన దేశం అమెరికా నిషేధించిన ఆసియా ప్రాంతంలోకి వస్తుంది. విద్యార్థులకు మినహాయింపు ఉండేది. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్ళవి కొన్ని రద్దు కూడా చేశారు. 1924 చట్టం తలుపు మరింత బిగించింది. ఈ స్థితిలో ఒకసారి దేశం వెళ్ళిన మనిషికి మళ్ళీ ఈ గడ్డ మీద అడుగుపెట్టనిస్తారన్న భరోసా లేదు. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చి ఏడాదికి 100 మంది భారతీయులకు చోటిచ్చింది, పౌరసత్వం అడిగే హక్కూ ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 51.

చట్టం ఒక్కటే కారణమని మేము అనము. లాబులో పని ఎన్నడూ మూడేళ్ళలో తెమలదు. ఈ నెలాఖరుకు ఇది తేలిపోతుంది, ఆ తర్వాత వెళ్దామని అనుకొంటూనే ఏళ్ళు గడుస్తాయి. మన ఇళ్ళలో చూడటం లేదా? పిల్లవాడి స్కూలు అయ్యాక అనుకొన్నవాళ్ళం, ఇల్లు అప్పు తీరాక అనుకొన్నవాళ్ళం మన మధ్యనే ఉన్నాము.

ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. జయంతి సభలలో సుబ్బారావుగారిని త్యాగమూర్తి అంటూ ఉపన్యాసాలిస్తాము. పేటెంట్ల కోసం పాకులాడలేదని, పేరు కోసం ముందుకు రాలేదని, గదిలో ఒంటరిగా ఉండిపోయారని చెబుతాము. అవి నిజమే. శేషగిరిగారు కూడా ఒంటరిగానే ఉండిపోయారు. ఆవిడ తండ్రి డబ్బుతో ఓడ ఎక్కిన భర్తను ఆవిడ మళ్ళీ చూడలేదు. విదేశీ విద్య ఒక విద్యార్థి జీవితాన్ని మార్చింది అంటున్నప్పుడు, ఆ మార్పు సముద్రం అవతల ఇంకొకరి జీవితాన్ని కూడా మార్చిందని లెక్కలో వేయాలి. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గుతుందని కాదు. లెక్క పూర్తిగా వ్రాయాలని మా అభిప్రాయం. మేము ఇలా అన్నందుకు కోపగించుకొనే పెద్దలు మన సంఘంలో ఉన్నారని తెలుసు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ లాబొరేటరీస్‌లో చేరి, కొద్దికాలానికే పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. హార్వర్డులో ఒక్కడుగా పనిచేసిన మనిషికి ఇప్పుడు పెద్ద దళం దొరికింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు దగ్గరకు మళ్ళీ వచ్చింది ఇక్కడే.

ఈ కథకు బొంబాయిలో ఒక కొస ఉంది. 1920ల చివర లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు నుంచి తీసిన మార్మైటు తినిపిస్తే అది తగ్గుతోందని 1931లో వ్రాసింది. ఈస్టులోనూ, కాలేయంలోనూ, ఆకుకూరలోనూ ఉన్న ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి చాలామంది పోటీపడ్డారు. 1941లో పాలకూర నుంచి తీసినవారు ఆకు అనే లాటిను మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని రసాయనికంగా తయారుచేసి చూపించింది 1945లో, సుబ్బారావుగారి దళం. టామ్ స్పైస్ అనే వైద్యుడు వెంటనే దాన్ని రోగులకు ఇచ్చి చూశాడు. పెద్ద రక్తకణాల రక్తహీనత తగ్గింది. స్ప్రూ రోగుల రక్తమూ కోలుకొంది. రాజమండ్రి, మద్రాసులలో మొదలైన వెదుకులాటకు పెర్ల్ రివరులో జవాబు దొరికేసరికి పాతికేళ్ళు పట్టింది.

ఆ ఫోలిక్ ఆమ్లాన్నే కాస్త మార్చి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను అదే లాబు తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టనులో పిల్లల ఆస్పత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసం ప్రకారం 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఏమీ చేయగలిగేది లేదు. ఆ పిల్లల ఆస్పత్రి, సుబ్బారావుగారు మూత్రపాత్రలు కడిగిన ఆస్పత్రి, ఆయనను ఉంచుకోని హార్వర్డు వైద్య కళాశాల, మూడూ నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నాయి.

అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేటు. కీళ్ళవాతం రోగులకు దాన్ని వారానికొకసారి వేసుకోమని మేము వ్రాస్తాము. దాని దుష్ఫలితాలు తగ్గడానికి అదే చీటీ మీద ఫోలిక్ ఆమ్లమూ వ్రాస్తాము. విషమూ విరుగుడూ రెండూ ఒక్క లాబు నుంచి వచ్చినవే. గర్భిణులకు ముందునుంచీ ఫోలిక్ ఆమ్లం ఇస్తే శిశువు వెన్నెముక లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో ఇంగ్లండువారి పరిశోధన తేల్చింది. 1998 నుంచి అమెరికాలో బ్రెడ్డుకు వాడే పిండిలో దాన్ని కలపడం తప్పనిసరి చేశారు. అంటే పిల్లల డబ్బాలో మనం పెట్టే శాండ్‌విచ్‌లో కూడా అది ఉంది.

ఆయన దళంలోనే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ మందులలో అది మొదటిది. 1948 జూలైలో న్యూయార్కులో దాన్ని ప్రపంచానికి చూపించారు. మరుసటి నెల, ఆగస్టులో, సుబ్బారావుగారు గుండెపోటుతో పోయారు. వయసు 53. గిరిగారు అప్పుడు కొలంబోలో భారత హైకమిషనరు. స్వతంత్రదేశం ఎలా ఉంటుందో ఆయన చూశారు. సుబ్బారావుగారు చూడలేదు.

తపాలా శాఖ 1995లో సుబ్బారావుగారి శతజయంతికి బిళ్ళ వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరుంది. మాకు అంతకంటే దగ్గరి సంగతి మరొకటి. ఆయన లాబు నుంచి 1947లో వచ్చిన మందులలో హెట్రజాన్ ఒకటి, బోదకాలు తెచ్చే క్రిములను చంపేది. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎరగని ఊరు ఉండేది కాదు. భారత ప్రభుత్వం 1955లో ఫైలేరియా నివారణ పథకం పెట్టింది. ఆ క్రిములు రక్తంలో రాత్రిపూటే కనిపిస్తాయి కనుక, ఫైలేరియా వాళ్ళు చీకటిపడ్డాక టార్చిలైట్లతో ఇంటింటికీ వచ్చి, నిద్రపోయే పిల్లలను లేపి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకొనేవారు. మనలో కోస్తా నుంచి వచ్చినవారికి అది గుర్తుండే ఉంటుంది. క్రిములు కనిపించిన ఇంటికి తెల్లవారి మాత్రలు వచ్చేవి. 2004 నుంచి ఆ మాత్రలనే ఆ ప్రాంతాలలో ఏడాదికొకసారి అందరిచేతా మింగించారు. పొట్లం చేతిలో పెట్టినవాళ్ళకు గాని, మింగినవాళ్ళకు గాని అది భీమవరంలో పుట్టినాయన నడిపిన లాబు నుంచి వచ్చిన మందని ఎవరూ చెప్పలేదు.